చవక ఇయర్‌ఫోన్లు పోల్చి వినేముందు

మూన్‌డ్రాప్ చూ 2, సెవెన్‌హెర్ట్జ్ జీరో 2. రెండు వేలకు అటూ ఇటూగా వైర్ ఇయర్‌ఫోన్లు కొనాలనుకునేవాళ్లు చాలామంది చివరికి ఈ రెండింటి మధ్యే ఊగిసలాడతారు. రెండూ 2023లో వచ్చినవే, రెండింట్లోనూ చెవికి ఒక 10 మి.మీ. డైనమిక్ డ్రైవరే, అంటే శబ్దం పుట్టించే బుల్లి స్పీకరే. ఒకే ఫోన్‌కు తగిలించి, వాల్యూమ్ ముట్టుకోకుండా మార్చి మార్చి వింటే చూ 2 ఎంతో బాగున్నట్టు అనిపిస్తుంది. ఆ తీర్పును నమ్మకండి.

కంపెనీ లెక్కల్లో చూ 2 సెన్సిటివిటీ (ఇచ్చిన కరెంటుకు ఎంత గట్టిగా మోగుతుందన్న కొలత) ఒక వోల్టుకు 119 డెసిబెల్స్, జీరో 2ది 108. అంటే అదే వాల్యూమ్ దగ్గర చూ 2 బాగా గట్టిగా మోగుతుంది. అంత తేడా ఎవరికైనా తెలిసిపోతుంది. వాల్యూమ్ తగ్గించి దాదాపు సమానం చేశాక కూడా మిగిలే ఒక డెసిబెల్ తేడా దగ్గరే చిక్కంతా. దాన్ని చెవి ‘సౌండ్ ఎక్కువ’ అని పట్టుకోదు, ‘క్లారిటీ ఎక్కువ’ అనుకుంటుంది. ఫోన్ వాల్యూమ్‌లో ఒక్కో మెట్టు సాధారణంగా అంతకన్నా పెద్దదే కాబట్టి దాంతో సరిచేయలేం. ఈక్వలైజర్ యాప్‌లో ప్రీయాంప్‌ను (మొత్తం సౌండ్ స్థాయిని మార్చే మీటను) అర డెసిబెల్ చొప్పున దించుతూ, పాటలో గొంతు ఒక్కటే వినిపించే చోట రెండింటినీ సమానం చేయండి. బీట్ వినిపించే చోట చేయబోతే కుదరదు, అసలు తేడా ఉన్నదే అక్కడ.

తర్వాత సీల్, అంటే టిప్ చెవిని గాలి పోకుండా మూయడం. బాగా లోతైన 40 హెర్ట్జ్ టోన్ పెట్టి, ఇయర్‌ఫోన్‌ను వేలితో మెల్లగా అదమండి. అదిమినప్పుడు బేస్ పెరిగితే గాలి కారుతున్నట్టే. పై సైజు టిప్ వేయండి. ఒక చెవికి మీడియం, ఇంకో చెవికి లార్జ్ సరిపోవడం మామూలే. పెట్టేటప్పుడు చిటపటమంటే కంగారు పడొద్దు, గాలి ఒత్తిడికి డ్రైవర్‌లోని పలచని పొర (డయాఫ్రమ్) వంగే చప్పుడది.

రెండింటి కేబుళ్లూ 0.78 మి.మీ. టూ-పిన్‌వే, ఊడదీసి మార్చుకోవచ్చు. ఒక వైపు పిన్ తిరగేసి గుచ్చితే బేస్ పలచబడినట్టు అనిపిస్తుంది, నడిమధ్య ఉండాల్సిన గొంతు చెల్లాచెదురవుతుంది. ఆ ఒక్క వైపు పీకి తిప్పి పెడితే సరి. ఒక వైపు సౌండ్ తగ్గితే ముందు కేబుల్‌ను ఎడమా కుడీ మార్చి గుచ్చండి. లోపం కేబుల్‌తో పాటు అటు మారితే తప్పు కేబుల్‌దో ఫోన్‌దో. మారకపోతే మూతి దగ్గరి జాలీలో గులిమో చెమ్మో చేరి ఉండొచ్చు. ఒక రాత్రి సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో మూసిపెట్టండి. సూదితో మాత్రం పొడవకండి.

ఇవన్నీ సరిచూసుకున్నాక వినండి. మృదంగం ఎడమ వైపు గుమ్మనే శబ్దానికి జీరో 2లో లోతు ఎక్కువ, సినిమా బీట్లకు అదే మేలు. చూ 2లో బేస్ కొంచెం పొదుపు, గొంతు కాస్త ముందుకొస్తుంది. కచేరీ వినేవాళ్లకు నా ఓటు దానికే. కాకపోతే ‘స’, ‘ష’ గీరుకున్నట్టు ఉండొచ్చు. ఇయర్‌ఫోన్‌ను ఇంకాస్త లోపలికి దించి చూడండి: చెవి నాళంలోని అనునాదం (కొన్ని ఫ్రీక్వెన్సీలు అక్కడ ఎక్కువగా మోగడం) పై ఫ్రీక్వెన్సీలకు జరుగుతుంది, గీరుడు తగ్గే అవకాశం ఉంది.

ఇయర్‌ఫోన్ జాక్ లేని ఫోనైతే డాంగిల్ (ఛార్జింగ్ పోర్టుకు తగిలించే చిన్న అడాప్టర్) తప్పదు. ఆపిల్ డాంగిల్ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తక్కువ వాల్యూమే ఇస్తుంది. దాంతో చూ 2 నెట్టుకొస్తుంది, జీరో 2కు మాత్రం చాలకపోవచ్చు.