చెప్పడానికి సందర్భం రాని సగం

2023 అక్టోబరు మూడవ వారంలో, మహారాష్ట్రలో నాందేడ్ జిల్లాలో ఉన్న మా ధర్మాబాద్‌లో, మిర్చి మార్కెట్ ఎదుట ఉన్న చాయ్ హోటల్లో ఇద్దరు పాత మిత్రుల మధ్య మాటలు ఆగిపోయాయి. ఇద్దరూ తెలుగువారే, ఇద్దరూ నాతోపాటు మరాఠీ బడిలో చదువుకున్నవారే. ఒకరు అడత్ దుకాణంలో లెక్కలు రాస్తారు, మరొకరు ట్రాక్టరు విడిభాగాలు అమ్ముతారు. గాజా నగరంలోని అల్ అహ్లీ ఆసుపత్రి ఆవరణలో అక్టోబరు 17 సాయంత్రం జరిగిన పేలుడు ఎవరి పని అన్నదే వారి తగవు. ఇజ్రాయెల్ వేసిన బాంబు అని గాజా అధికారులు వెంటనే ప్రకటించారు, 500 మంది చనిపోయారన్నారు, తరువాత ఆ సంఖ్యను 471గా చెప్పారు. గాజాలోనే ఉన్న ఇస్లామిక్ జిహాద్ సంస్థ ప్రయోగించిన రాకెట్టు గురి తప్పి పడిందని ఇజ్రాయెల్ చెప్పింది. పొగ ఆరకముందే ధర్మాబాద్‌లో తీర్పులు వచ్చేశాయి.

ఆ ఏడాది నవంబరు చివర హ్యూమన్ రైట్స్ వాచ్ అనే అంతర్జాతీయ మానవ హక్కుల సంస్థ, దొరికిన ఆధారాలు పాలస్తీనా సాయుధ బృందాలు సాధారణంగా వాడే రాకెట్టు వైపే చూపుతున్నాయని, ఇంకా లోతైన దర్యాప్తు అవసరమని ప్రకటించింది. మృతుల సంఖ్య 100 నుంచి 300 మధ్య ఉండవచ్చని అమెరికా నిఘా వర్గాలు అంతకుముందే అంచనా వేశాయి. ఆ వార్త వచ్చిన తరువాతనైనా మిత్రులిద్దరూ ఒకచోట కూర్చుంటారని నేను ఆశించాను. పేలుడు ఇజ్రాయెల్ పనేనన్న మొదటివాడు ఆ సంస్థ కూడా అమ్ముడుపోయిందన్నాడు. రెండవవాడు అంతకంటే పెద్ద దూకు దూకి, చూశారా, గాజా నుంచి వచ్చే చావు లెక్కలన్నీ ఇలాంటి అబద్ధాలేనన్నాడు. ఒక పేలుడుకు కారకులెవరో తేలినంత మాత్రాన ఆ తరువాత గాజాలో చనిపోయిన పదుల వేల మంది బతికి రారు. గాజాలో అంతమంది చనిపోయారు గనుక అక్టోబరు 7న హమాస్ దాడిలో చనిపోయిన దాదాపు 1,200 మంది చావు చిన్నదీ కాదు. ఇంత సులువైన మాటను చదువుకున్న ఇద్దరు పెద్దమనుషుల మధ్య పెట్టలేక నేను ఆనాడు చాయ్ గ్లాసు దింపి ఇంటికి వచ్చాను. ఆ మౌనం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది, అందుకే ఇది రాస్తున్నాను.

కామెర్ల రోగికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందన్న సామెతను మనం ఎప్పుడూ ఎదుటివాడి మీదే ప్రయోగిస్తాం. 1982 సెప్టెంబరులో బేరూత్‌లోని సబ్రా, షతీలా శరణార్థి శిబిరాల్లో లెబనాన్‌లోని ఫలాంజిస్టులనే క్రైస్తవ సాయుధులు పాలస్తీనీయులను ఊచకోత కోశారు. ఆ ప్రాంతం అప్పుడు ఇజ్రాయెల్ సైన్యం అధీనంలో ఉంది. ఆ ఘటనపై అమెరికా టీవీలో వచ్చిన వార్తా భాగాలను స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ వాలోన్, లీ రాస్, మార్క్ లెపర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు విద్యార్థులకు చూపించి, ఫలితాలను 1985లో ప్రచురించారు. ఇజ్రాయెల్ పట్ల సానుభూతి ఉన్న విద్యార్థులు ఆ వార్తలు ఇజ్రాయెల్‌కు వ్యతిరేకంగా ఉన్నాయన్నారు. అరబ్బుల పక్షాన ఉన్నవారు అవే వార్తలు ఇజ్రాయెల్‌ను వెనకేసుకొస్తున్నాయన్నారు. ఏ పక్షమూ లేని ప్రేక్షకుడు ఇవి చూస్తే తమ మీదే ద్వేషం పెంచుకుంటాడని రెండు వర్గాలూ భయపడ్డాయి. విషయం బాగా తెలుసునని చెప్పుకున్నవారికే ఆ వార్తల్లో పక్షపాతం మరింతగా కనిపించింది. ఈ చివరి సంగతి చదివినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను, ఎందుకంటే నాలుగు భాషల పత్రికలు చదువుతాను గనుక నాకు చూపు చక్కగా ఉందని నేను అనుకుంటూ వచ్చాను.

అది ఎంత పొరపాటో 2025 మే నెలలో నాకు తెలిసింది. ఏప్రిల్ 22న పహల్గాం దగ్గర బైసరన్ మైదానంలో 26 మందిని కాల్చి చంపారు. మే 7న భారత సాయుధ దళాలు ఆపరేషన్ సిందూర్ ప్రారంభించాయి. మే 8 రాత్రి, మన నౌకాదళం కరాచీ ఓడరేవును ధ్వంసం చేసిందని కొన్ని టీవీ ఛానెళ్ళు చెప్పసాగాయి. నేను ఆ వార్తను మా జూనియర్ కళాశాల అధ్యాపకుల వాట్సాప్ గుంపులో పెట్టాను. కొద్ది నిమిషాల్లో మాతో పనిచేసే ఒక ముస్లిం సహోద్యోగి, "సార్, ఇది నిజంగా ఖరారైందా?" అని అడిగారు. నా మనస్సులో మొదట మెదిలిన ఆలోచనను దాచకుండా చెప్పడం నా బాధ్యత: ఈయన ఎందుకు అడుగుతున్నాడు అని అనుకున్నాను. అడిగిన ప్రశ్నను వదిలి అడిగిన మనిషి పేరు చూశాను. అదే ప్రశ్నను మా గణిత అధ్యాపకుడు అడిగి ఉంటే, మంచి మాట అడిగావయ్యా, చూసి చెబుతానని రాసి ఉండేవాణ్ణి.

తెల్లవారేసరికి కరాచీ వార్త అబద్ధమని తేలింది. ఆ రోజుల్లో యుద్ధ దృశ్యాలంటూ తిరిగిన వీడియోల్లో కొన్ని కంప్యూటర్ ఆటల నుంచి తీసినవి. నేను ఆయన ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాను. ఆయన తన భార్యను పిలిచి చాయ్ పెట్టమని చెప్పి, కాసేపాగి, "సార్, మీరు తప్పు వార్త పెట్టారు, దానికేం, అందరూ పెట్టారు. కానీ మేము ఏదైనా అడగాలంటే ముందు మేము ఎవరి వైపు ఉన్నామో చెప్పి, ఆ తరువాత అడగాలి. అది అలసట" అన్నారు. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు, ఇప్పటికీ లేదు.

పహల్గాం విషయంలోనే ఇంకొక సంగతి చెప్పాలి. హంతకులు మతం అడిగి మరీ చంపారని ప్రాణాలతో బయటపడినవారు చెప్పారు. చనిపోయిన 26 మందిలో గుర్రాల మీద యాత్రికులను తీసుకువెళ్ళే స్థానిక ముస్లిం యువకుడూ ఉన్నాడు. యాత్రికులను కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్నాడని అతని కుటుంబం చెప్పింది. రెండూ ఒకే మైదానంలో, ఒకే మధ్యాహ్నం జరిగినవి. మా ఊరి ఫోన్లలో మాత్రం మొదటి సంగతి ఒక గుంపులోనూ, రెండవ సంగతి మరొక గుంపులోనూ తిరిగింది, రెండూ కలిసి తిరిగిన గుంపును నేను చూడలేదు. మతం అడిగి చంపారన్న మాటను ఎలాగైనా పక్కకు నెట్టాలని చూసినవారిని చూసి నాకు కోపం వచ్చింది, ఎందుకంటే మతోన్మాదాన్ని దాని పేరుతో పిలవడానికి వెనుకాడితే చనిపోయినవారికి అన్యాయం జరుగుతుంది. గుర్రపు యువకుడి సంగతిని నాటకమని కొట్టిపారేసినవారిని చూసినప్పుడు ఆ కోపం తగ్గలేదు.

మనవాడు కొడితే ప్రతీకారం, ఎదుటివాడు కొడితే వాడి స్వభావం: ఈ తూకం ప్రపంచమంతా ఒకటే. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదుల మీద జరిగిన దాడిలో 51 మంది చనిపోయారు. అయిదు వారాల తరువాత ఏప్రిల్ 21న, ఈస్టర్ నాడు, శ్రీలంకలో చర్చిలలోనూ హోటళ్ళలోనూ జరిగిన పేలుళ్ళలో 250 మందికి పైగా చనిపోయారు. మొదటిదాన్ని ఒక పిచ్చివాడి పనిగా, రెండవదాన్ని మతం మొత్తానికీ అంటిన మచ్చగా చెప్పేవారు మా ఊళ్ళో ఉన్నారు. సరిగ్గా తిప్పి చెప్పేవారూ ఉన్నారు. రెండు చోట్లా హంతకులకు ఒక సిద్ధాంతం ఉంది, దాన్ని నూరిపోసినవారున్నారు. అలాగని అన్ని పక్షాలూ ఎప్పుడూ సరిసమానమని చెప్పడం నాకు నచ్చదు. లెక్క చూసిన తరువాత ఒక పక్షం నేరం బరువు ఎక్కువని తేలితే అలాగే చెప్పాలి. తూకం వేయకముందే తక్కెడలో వేలు పెట్టడాన్నే నేను తప్పంటున్నాను.

మా ప్రాంతంలో ఈ వేలు 1948 నుంచి తక్కెడలోనే ఉంది. గాజా గురించి, పహల్గాం గురించి మేము తగవు పడుతున్నామని అనుకుంటాం గానీ, నాందేడ్ జిల్లాలో ప్రతి తగవు కిందా పైకి చెప్పని 1948 ఉంటుంది. లాతూరులో వకీలుగా పనిచేసిన ఖాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు ఊళ్ళ నుంచి నెలనెలా డబ్బు వసూలు చేయడం, ఇవ్వని ఊళ్ళను దోచుకోవడం, చంపడం మా పెద్దల అనుభవం. ఆ ఏడాది సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించింది, 17న నిజాం లొంగిపోయాడు. మా ఇళ్ళలో కథ అక్కడితో ముగుస్తుంది. మా ముస్లిం మిత్రుల ఇళ్ళలో కథ సరిగ్గా అక్కడే మొదలవుతుంది. ఆ తరువాతి వారాల్లో సంస్థానపు పడమటి జిల్లాల్లో సాధారణ ముస్లింల మీద జరిగిన హత్యాకాండను పరిశీలించడానికి కేంద్ర ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌లు ఉన్న బృందాన్ని పంపింది; వారు 1948 నవంబరు చివరి నుంచి డిసెంబరు వరకు తిరిగి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని రాశారు. అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతిన్నవని వారు చెప్పిన నాలుగు జిల్లాలు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. ఆ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. అందులోనే రజాకార్ల దౌర్జన్యాలూ రాసి ఉన్నాయి, పొరుగు ముస్లింలను కాపాడిన హిందువుల సంగతీ రాసి ఉంది. కొన్నిచోట్ల హిందూ నేతగాళ్ళు ముస్లిం నేతగాళ్ళకు అడ్డునిలిచి ప్రాణాలు కూడా కోల్పోయారని ఉంది.

రెండు కథల్లోనూ ఇమడనివారిని రెండు పక్షాలూ మరచిపోయాయి. ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో రజాకార్ల చేతిలో చనిపోయాడు. మా విద్యార్థుల్లో ఆ పేరు విన్నవారిని నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. సెప్టెంబరు 17ను ఏమని పిలవాలో కూడా మాకు ఒక మాట లేదు: రాష్ట్ర సరిహద్దుకు ఇవతల మాకు మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినం, అవతల తెలంగాణలోని బాసర వైపు వెళితే కేంద్రం 2022 నుంచి విమోచన దినోత్సవమంటుంది, అదే ఏడాది రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినోత్సవమంది, 2024లో వచ్చిన పేరు ప్రజాపాలన దినోత్సవం.

మాది నేత కుటుంబం. మా పూర్వీకుల ఊరు బిలోలి తాలూకాలో ఉంది. రజాకార్లు వచ్చినప్పుడు మా నాయనమ్మ గుంట మగ్గం కింద, కాళ్ళు పెట్టుకునే గుంటలో పసిబిడ్డతో దాక్కున్న కథను ఏటా సెప్టెంబరు 17న ఇంటిల్లిపాదీ చెప్పుకునేవాళ్ళం. సైన్యం వచ్చిన తరువాత అదే గుంటలో ఎదురింటి ముస్లిం నేతగాడు తొమ్మిది రోజులు దాక్కున్నాడన్న సంగతి నాయనమ్మ తన చివరి రోజుల్లో ఒక్కసారి మాత్రమే నాతో చెప్పింది. ఇంత పెద్ద సంగతిని ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదని అప్పుడు పెదనాయనను అడిగితే, "దాచాలని కాదురా, చెప్పడానికి సందర్భం రాలేదు" అన్నాడు.

అశ్వత్థామ చనిపోయాడని గట్టిగా పలికిన ధర్మరాజు ఏనుగన్న మాటను కూడా పలికాడనే మన పెద్దలు చెబుతారు; శంఖాల మోతలో అది ద్రోణుడికి వినబడలేదు. మా ఇంట్లో అబద్ధం చెప్పినవారు ఎవరూ లేరు. ముక్తి సంగ్రామ దినం నాడు శంఖం ఊదే గొంతులు ఎక్కువ కావడంతో రెండవ సగానికి సందర్భం దొరకలేదు. మా సహోద్యోగి ఇంట్లోనూ అంతే: తన తాతను కాపాడిన హిందువు ఎవరో ఉన్నాడని వినికిడి గానీ, ఆ పేరు తమ ఇంట్లో ఎవరూ చెప్పుకోలేదని ఆ చాయ్ నాడు ఆయన నాతో అన్నారు.

2025 సెప్టెంబరు 17న మా ఇంట్లో పిల్లలందరినీ కూర్చోబెట్టి నేను రెండు సగాలనూ చెప్పాను. ఎనభై అయిదేళ్ళ పెదనాయన మంచం మీద పడుకొని విన్నాడు. కథ అయ్యాక, ఎవరూ అడగకుండానే, గుంటలో ఉన్న మనిషికి రాత్రిపూట జొన్న రొట్టె, ఎర్ర కారం తీసుకువెళ్ళింది తానేనని చెప్పాడు. అప్పటికి అతనికి ఎనిమిదేళ్ళు. ఇంట్లో జొన్న పిండి ఎందుకు తొందరగా అయిపోతోందో ఎవరితోనూ అనవద్దని నాయనమ్మ అతని చేత ఒట్టు వేయించుకుందట. ఆ మనిషి తొమ్మిదవ రోజు రాత్రి ఊరు దాటి వెళ్ళిపోయాడు. ఒట్టు తీసి గట్టున పెట్టమని మాత్రం ఆమె ఆ తరువాత ఎప్పుడూ చెప్పలేదట.