తూర్పు కిటికీ అద్దం మళ్లీ పగిలింది: సన్ ఫిల్మ్ లాగ్, మూడో విడత

కిటికీ అద్దాలకు ఎండ తగ్గించే సన్ ఫిల్మ్ అంటించే పనిలో ఉత్తరం వైపు రెండు కిటికీలూ అయిపోయాయి. క్లియర్ గ్లాసు, 50 శాతం కాంతి వదిలే సెరామిక్ (సన్నటి సెరామిక్ కణాలున్న) ఫిల్మ్, ఒక్క బుడగ లేదు. సతాయిస్తున్నది తూర్పు కిటికీయే. ఫిల్మ్ వేసిన నాలుగో రోజు ఉదయం ఎనిమిదిన్నరకు ఠప్పున బీట పడింది. డిసెంబరులో మొదటి అద్దం పోయిందీ ఇలాగే.

5 మి.మీ. గ్రే టింటెడ్ (గాజులోనే రంగున్న), టఫెన్ చేయని (వేడిచేసి గట్టిపరచని) మామూలు అద్దం, 1200 × 900 మి.మీ., అల్యూమినియం స్లైడింగ్ ఫ్రేము. పైన 5 శాతం కాంతి వదిలే నల్లటి డై ఫిల్మ్ (రంగు అద్దినది). లోపల 6 సెం.మీ. దూరంలో బ్లాకవుట్ కర్టెన్, రాత్రి నుంచీ మూసే ఉంది.

కింది అంచున, ఎడమ మూలకు 31 సెం.మీ. దూరంలో బీట మొదలైంది. అంచుకు సరిగ్గా 90 డిగ్రీల్లో లేచి, 6 సెం.మీ. తిన్నగా పోయి, ఆపైన వంకర్లు తిరిగింది. మందంలో కూడా నిటారుగానే ఉంది. ఇది వేడి పగులే. రాయి తగిలితే సాలెగూడులా వచ్చేది, ఫ్రేము మెలిపెడితే ఏటవాలుగా మొదలయ్యేది. కొమ్మలు లేని ఒంటి బీట కాబట్టి తక్కువ ఒత్తిడికే పోయింది. అందుకే అనుమానం అంచు మీదికి వెళ్లింది.

ముందురోజు అదే వేళకు థర్మోకపుల్ (అద్దానికి తాకించి వేడి కొలిచే తీగ) పెట్టి తీసిన కొలతలు: మధ్యలో 46 డిగ్రీలు, రబ్బరు బీడింగ్ కింద అంచు 20. (తాకకుండా వేడి కొలిచే ఐఆర్ గన్ ఏటవాలుగా పెడితే ఎదుటి గోడ ప్రతిబింబాన్ని చదువుతుంది, నమ్మలేం.) వేడెక్కిన మధ్యభాగం వ్యాకోచిస్తుంటే చల్లటి అంచు సాగలేక లాగుడుకు లోనవుతుంది. డిగ్రీ తేడాకు దాదాపు 0.63 మెగాపాస్కల్ (ఒత్తిడి కొలమానం) లెక్కన 26 డిగ్రీలకు 16.4. ఫిల్మ్ వేయకముందు ఇదే అద్దం మధ్యలో 35, అంచున 19. అంటే 10 మెగాపాస్కల్, అందుకే అప్పుడు నిలిచింది.

అద్దం ఊడదీసి లెన్సుతో చూస్తే, బీట మొదలైన చోటే 0.6 మి.మీ. లోతు పెచ్చు లేచి ఉంది. ఆ లోతును పదునైన పగులుగా తీసుకుంటే 15 మెగాపాస్కల్ దగ్గరే తెగాలి. ఉజ్జాయింపు లెక్కే అయినా కొలతకు బాగా దగ్గరగా వచ్చింది. ఫిల్మ్ కత్తిరించిన బ్లేడు గీత అనుకుందామంటే, గీతలన్నీ లోపలి ముఖం మీద, పెచ్చు బయటి ముఖం వైపు. కోసినప్పుడో ఫ్రేములో దించినప్పుడో లేచిన పెచ్చు అది.

కర్టెన్ సంగతి దీనికి జోడీగా ఉన్న రెండో అద్దం మీద చూశాం, అదే గ్రే, అదే ఫిల్మ్. 15 సెం.మీ. వెనక్కి జరిపి, పైనా కిందా 5 సెం.మీ. గాలికి వదిలితే మధ్యభాగం 42.5కు దిగింది. పైసా ఖర్చు లేకుండా మూడున్నర డిగ్రీలు!

షాపుల్లో ‘సెరామిక్ అయితే అద్దం వేడెక్కదు’ అంటారు, అది తప్పు. చాలా సెరామిక్ ఫిల్ములు వేడిని పీల్చుకుంటాయి, తిప్పికొట్టేది తక్కువ. టింటెడ్ అద్దానికైతే వెండి రంగు లోహపు పూత ఉన్న రిఫ్లెక్టివ్ (ఎండను తిప్పికొట్టే) రకమే మేలు. త్రీఎమ్, ల్యూమార్ ఇచ్చే ఫిల్మ్–గ్లాస్ చార్టు (ఏ అద్దానికి ఏ ఫిల్మ్ సరిపోతుందో చెప్పే పట్టిక) చూడకుండా టింటెడ్ మీద ఏదీ అంటించకూడదు. డై ఫిల్ముకు ఇక్కడ ఇక చోటు లేదు.

ఈసారి 5 మి.మీ. టఫెన్డ్, అంచులు గ్రైండింగ్ చేయించాకే టఫెనింగ్‌కు పంపాలి. తర్వాత కోయడం కుదరదు కనుక ఫ్రేము కొలత మూడుచోట్ల తీసుకోవాలి. ఆ తర్వాత పడమటి కిటికీ. అక్కడ సజ్జ నీడ అద్దాన్ని అడ్డంగా రెండు ముక్కలు చేస్తుంది, ఎండ పడే భాగం, నీడ భాగం రెండుచోట్లా ఫిల్ముకు ముందే థర్మోకపుల్స్ పెట్టాలి.