బొమ్మ తుపాకీ కొనివ్వాలా, వద్దా?

బతుకమ్మ సెలవులు దగ్గర పడుతున్నాయంటే చాలు, బడి గేటు దగ్గర తల్లులు ఆపి అడుగుతారు. "టీచర్, మావోడు తుపాకీ కావాలని ఒకటే ఏడుపు. కొనియ్యాల్నా, వద్దా?" నేను హన్మకొండలో ఒకటి, రెండు తరగతుల పిల్లలకు చదువు చెబుతాను. ఇంట్లో నాకూ ఆరేళ్ల కొడుకున్నాడు. బడి వదిలాక ఆటో కోసం పరుగెత్తే టైంలో రెండు ముక్కల్లో తేల్చే సంగతి కాదిది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. పిల్లలు కట్టెను తుపాకీ చేసుకుని ఆడుకుంటుంటే ఆడుకోనివ్వండి. అట్ట కత్తి, ప్లాస్టిక్ గద, విల్లు, ఏదైనా సరే. లోపలి నుంచి గుండు బయటికి వచ్చే తుపాకీని మాత్రం ఎంత ఏడ్చినా కొనకండి. ఇక మూడో సంగతి నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఆ ఆటలో ఎవరు ఎవరిని కాలుస్తున్నారో గమనిస్తూ ఉండండి.

గుండు సంగతి ముందు చెప్పేస్తాను, అందులో వాదన లేదు కాబట్టి. మా చిన్నప్పుడు ఐనవోలు మల్లన్న జాతరలో దొరికింది రీలు తుపాకీ. ఎర్ర కాగితం రీలు పెట్టి నొక్కితే టప్పుమనేది, కాస్త మందు వాసన వచ్చేది, అంతే. ఇప్పుడు జాతరల్లో, రోడ్ల పక్కన వేలాడుతున్నవి వేరు. ఆరు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండ్లను స్ప్రింగుతో విసిరికొట్టేవి ఒక రకం. చిన్న రంగు పూసలను నీళ్లలో నానబెట్టి, ఉబ్బాక కాల్చే జెల్ గన్లు ఇంకో రకం. ఈ పూసలను చంటిపిల్లలు మింగితే కడుపులో కూడా ఉబ్బుతాయి, పేగుకు అడ్డం పడతాయి. ఎక్స్‌రేలో మామూలుగా కనపడవు కూడా. లైట్లు వెలిగి శబ్దం చేసే బొమ్మల్లో బటన్ బ్యాటరీలు ఉంటాయి. అది గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. బ్యాటరీ మూతకు స్క్రూ లేని బొమ్మ ఏదైనా సరే, ఇంటికి తేవద్దు.

మా వెనక వీధిలో రెండో తరగతి పిల్లవాడికి అలాంటి గుండు ఒకటి కంట్లో తగిలింది. నల్లగుడ్డు ముందు భాగంలో రక్తం చేరింది. తల ఎత్తుగా పెట్టి పడుకోబెట్టి, ఎగరకుండా దుంకకుండా రోజుల తరబడి కాపలా కాశారు. చూపు దక్కింది. కానీ దెబ్బ తగిలిన కంట్లో ప్రెషర్ ఏళ్ల తర్వాత కూడా పెరగవచ్చని, ఏటేటా చూపించుకోవాలని డాక్టర్ చెప్పారు. వాళ్లమ్మ ఇప్పటికీ ఆ పిల్లవాడు కన్ను నలుపుకుంటే ఉలిక్కిపడుతుంది.

పద్నాలుగేళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు ఉండాలన్న నిబంధన 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. డబ్బా తిప్పి చూడటానికి అర నిమిషం పట్టదు. గుర్తు లేకపోతే పక్కన పెట్టేయండి.

ఇక ఆట సంగతి. మాది హుస్నాబాద్ వైపు పల్లె. 1980లో పీపుల్స్‌వార్ అనే నక్సలైట్ పార్టీ మొదలయ్యాక మా వైపు ఊళ్లలో తుపాకీ మాట వినకుండా పెరిగిన పిల్లలు లేరు. 1992లో పార్టీని నిషేధించారు. నాకు ఊహ తెలిసేసరికి రాత్రి అన్నలు, అంటే నక్సలైట్లు, వచ్చి అన్నం పెట్టమనేవారు. తెల్లారితే పోలీసులు వచ్చి ఎవరు పెట్టారని అడిగేవారు. పెట్టినా భయమే, పెట్టకపోయినా భయమే. ఆ ఊళ్లో పిల్లలం మేం ఆడిన ఆట అన్నలు-పోలీసులు. కంది కట్టె తుపాకీ. మక్కబెండ్లు బాంబులు. చెరువు కట్ట వెనక తుమ్మ పొదలు మా అడవి. పంటలు వేసుకుని రెండు జట్లయ్యేవాళ్లం. చచ్చినవాడు పడుకుని వంద లెక్కపెట్టి మళ్లీ లేచి రావచ్చు. అది మేం పెట్టుకున్న నియమం.

మా నాయినమ్మ కంట పడితే మాత్రం అయిపోయినట్టే. "పారెయ్యుండ్రి అవి! పోలీసోల్లు జూస్తే మీ బాపును పట్టుకపోతరు" అని కట్టెలన్నీ గుంజుకుని పొయ్యిలో పెట్టేది. ఆమెది ఉత్త భయం కాదు. పిల్లల ఆట చూసి, ఇది ఎవరు నేర్పారని పెద్దలను నిలదీసే రోజులవి. మేం మాత్రం తెల్లారి మళ్లీ కట్టెలు ఏరుకునేవాళ్లం. దగ్గర్లో ఎన్‌కౌంటర్ జరిగిందంటే ఆ ఆట ఇంకా ఎక్కువయ్యేది. పెద్దవాళ్లు అరుగుల మీద గుసగుసలాడేవారు, మమ్మల్ని చూడగానే మాట ఆపేవారు. మాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. విన్నదాన్ని, చూసినదాన్ని అర్థం చేసుకోవడానికి మాకున్న దారి ఆట ఒక్కటే. ఆటలో చచ్చినవాడు లేచి వచ్చేవాడు. అది మాకు ఎంత అవసరమైందో రోజూ పిల్లల మధ్య ఉండబట్టి ఇప్పుడు నాకు తెలుస్తోంది.

ఆ జట్లలో ఆడినవాళ్లు ఇప్పుడు ఒకరు ఆర్టీసీ కండక్టర్, ఒకరు నర్సు, ఒకరు కానిస్టేబుల్. మా ఊరి నుంచి దళంలోకి పోయినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు పోవడానికి భూమి, దొరతనం, కూలి రేట్లు, అవమానాలు కారణాలు. కంది కట్టెతో ఆడటం వల్ల ఎవరూ అడవికి పోలేదు. బొమ్మ తుపాకీ పట్టుకుంటే పిల్లవాడు రేపు హంతకుడవుతాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోనిది ఇందుకే.

కరోనా తర్వాత బడులు తెరిచినప్పుడు మా క్లాసు పిల్లలు ఏం ఆడారో చూశాను. ఒకడు చీపురు పుల్ల తీసుకుని వరసగా అందరి ముక్కుల దగ్గరా పెట్టి "నీకు పాజిటివ్, నీకు నెగెటివ్" అంటున్నాడు. పాజిటివ్ వచ్చినవాళ్లను బెంచీ కింద పడుకోబెట్టారు. ఆ పిల్లల్లో ఇద్దరి ఇళ్లలో మనుషులు పోయారు. నేను ఆ ఆట ఆపలేదు.

నేను ఇంతకుముందు పనిచేసిన ఒక బడిలో తుపాకీ ఆట పూర్తిగా నిషేధం. వేలు చాపి "డిష్యుం" అన్నా గోడ కుర్చీ వేయించేవారు. దానితో పిల్లలకు అబద్ధం బాగా అలవాటైంది. "ఇది తుపాకీ కాదు టీచర్, పొలానికి మందు కొట్టే పంపు." ఇంకొకడు టిఫిన్ డబ్బా మూతతో కాల్చి, అది ఫోన్ అన్నాడు. ఆట పోలేదు, బాత్రూముల వెనక్కి పోయింది. అక్కడ పెద్దల కన్ను ఉండదు. చిన్నవాడిని నలుగురు కలిసి కొట్టినా ఎవరికీ తెలియదు.

అసలు మన ఇళ్లలో ఆయుధం లేని చోటేది? దేవుడి గూట్లో రాముడి చేతిలో విల్లు, అమ్మవారి చేతిలో త్రిశూలం, హనుమంతుడి భుజం మీద గద. దసరా నాడు పాండవులు ఆయుధాలు దాచిన చెట్టని జమ్మికి మొక్కి, ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతాం. సాయంత్రం ఉర్సు గుట్ట దగ్గర రావణుణ్ణి కాలుస్తుంటే పిల్లలను భుజాల మీద ఎక్కించుకుని చూపిస్తాం. ఇంటికొచ్చాక ఆ పిల్లవాడే కర్ర పట్టుకుని రాముడైతే "ఛీ, అది పట్టుకోవద్దు" అంటే వాడికి మన మాట అర్థం కాదు.

నాకు నిజంగా టెన్షన్ పుట్టించింది 2025 మే నెల. ఆపరేషన్ సిందూర్ జరిగిన రోజులు. ఎండాకాలం సెలవులు కాబట్టి పిల్లలంతా ఇళ్లలోనే ఉన్నారు, పొద్దస్తమానం టీవీలో సైరన్లు. మా గల్లీలో ఇండియా-పాకిస్తాన్ ఆట మొదలైంది. ప్లాస్టిక్ తుపాకులు, క్రికెట్ బ్యాట్లు, గొడుగులు. ఇండియా వైపు అందరూ. పాకిస్తాన్ ఎవరంటే మా ఎదురింటి టైలర్ గారి చిన్నబ్బాయి, ముస్లిముల పిల్లవాడు. పంటలు వేయలేదు, ఎవరూ వాడిని అడగలేదు. మొదట వాడు కూడా నవ్వుతూ పరుగెత్తాడు. తర్వాత "నేను డాక్టర్ ఉంటా" అన్నాడు. వద్దన్నారు. ఆ తర్వాత వాడు గేటు దాటి రావడం మానేశాడు.

ఎందుకు వాడే పాకిస్తాన్ అని అడిగాను. "వాడు వాళ్లోడు గదా ఆంటీ" అన్నాడు మూడో ఇంటి పిల్లవాడు. వాడి గొంతులో కోపం లేదు, ద్వేషం లేదు. ఎక్కం అప్పజెప్పినంత మామూలుగా అన్నాడు. అదే నాకు గుండెలో గుచ్చుకుంది. టైలర్ గారి నాన్న ఇక్కడి పాత బట్టల మిల్లు ఆజంజాహిలో పనిచేసిన మనిషి. మేం హుస్నాబాద్ నుంచి నిన్న కాక మొన్న వచ్చాం. ఈ ఊరు మాకంటే ముందు వాళ్లది.

ఇండియా జట్టులో నా కొడుకు కూడా ఉన్నాడు. నేను గల్లీలో మెట్ల మీద కూర్చుని, పంటలు వేస్తేనే ఆట, లేకపోతే తుపాకులన్నీ నా దగ్గర పెట్టండి అన్నాను. వేశారు. మావాడికి పాకిస్తాన్ పడింది. వాడు గుక్కపట్టి ఏడ్చాడు, నేను మాత్రం జట్టు మార్చనివ్వలేదు. ఇంకో ఇద్దరికి కూడా పాకిస్తాన్ పడేసరికి ఆట పేరే మార్చేశారు. ఆకాశం నుంచి దిగిన రాక్షసులతో యుద్ధమట. రాక్షసులు ఎవరికీ కనపడరు కాబట్టి అందరూ ఒకే జట్టు. ఎదురింటి గేటు దగ్గరికి పోయి వాడిని పిలుచుకొచ్చింది నేను కాదు, "వాళ్లోడు" అన్న ఆ పిల్లవాడే.

తుపాకులు లాక్కుని ఇంట్లో దాచేస్తే ఆ మాట వాళ్ల నోట్లో అలాగే ఉండిపోయేది, నాకు వినపడేది కూడా కాదు. ఆ మాట గల్లీలో పుట్టింది కాదు, మన హాళ్లలో టీవీ ముందు కూర్చుని పెద్దలం అన్నది. ఆ రాత్రి మా ఆయనతో, అత్తమ్మతో కూర్చుని మాట్లాడాను. పిల్లలు మేలుకుని ఉన్నంతసేపూ ఆ చర్చలు పెట్టవద్దని అనుకున్నాం.

దొంగ-పోలీస్ ఆటలో కూడా ఇదే చూస్తాను. మా ఊళ్లో ఎప్పుడూ దొంగ అయ్యేది ఏ వాడ పిల్లలో ఊరంతటికీ తెలుసు. ఇప్పుడు క్లాసులో ఒకే పిల్లవాడు వరసగా దొంగ అవుతున్నాడంటే వాడు ఏ వాడ నుంచి వస్తున్నాడు, బట్టలెలా ఉన్నాయి, భాషేమిటి అని చూస్తాను. చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది. ఆడుతున్న పిల్లల ముఖాలు చూసినా తెలిసిపోతుంది. ఇద్దరూ నవ్వుతుంటే, తరిమినవాడు తర్వాత తరిమించుకుంటుంటే అది ఆట. ఒక్కడే నవ్వుతుంటే వెంటనే మధ్యలోకి వెళ్లండి.

అమెరికాలో మన వరంగల్ పిల్లలు చాలామంది ఉన్నారు, వాళ్ల తల్లిదండ్రులకు ఒక మాట. 2014 నవంబర్‌లో ఒహైయో రాష్ట్రం క్లీవ్‌ల్యాండ్‌లో తమిర్ రైస్ అనే పన్నెండేళ్ల నల్లజాతి పిల్లవాడు పార్కులో బొమ్మ తుపాకీతో ఉంటే, నిజమైనదనుకుని పోలీసు కాల్చాడు. మరునాడు ఆ పిల్లవాడు చనిపోయాడు. బొమ్మ అని తెలియడానికి ఉండే నారింజ రంగు మూతి దానికి లేదు. అచ్చం నిజమైనదానిలా ఉండే నల్ల తుపాకీ ఎక్కడా కొనకండి, ఇక్కడైనా సరే. మా నాయినమ్మ కట్టెలు పొయ్యిలో పెట్టింది ఈ భయంతోనే.

ఫోన్‌లో కాల్చే ఆటల మీద నాకు ఇంత ఓపిక లేదు. పబ్జీని 2020లో ఆపితే, మరుసటి ఏడే ఇంకో పేరుతో వచ్చింది. గల్లీలో కాలిస్తే అవతలివాడు "నాకు తగల్లే!" అని అరుస్తాడు, కొట్లాడుకుంటారు, ఒప్పందానికి వస్తారు. ఫోన్‌లో చచ్చినవాడు ఏమీ అనడు. ఆరేళ్ల పిల్లలకు అది ఇవ్వకండి.

ఇంకొకటి. తుపాకీ కావాలని అడిగేది మగపిల్లలేనని, ఆడపిల్లలకు గిన్నెల సెట్టు చాలని అనుకుంటారు. మా క్లాసులో ఒక పాప "రుద్రమదేవికి కత్తి ఉంది, నాకెందుకు కొనరు టీచర్?" అని అడిగింది. సమ్మక్క కాకతీయుల సైన్యంతో కొట్లాడిందని మేడారం పోయినప్పుడల్లా ఆడపిల్లలకు మనమే చెబుతాం కదా. అందుకే సెలవులకు ముందు క్లాసులో అందరం కలిసి అట్ట కత్తులు, డాళ్లు చేస్తున్నాం. ఆడపిల్లలు, మగపిల్లలు అందరూ. జట్లు పంటలు వేసి. కూలర్ డబ్బాలు, చెప్పుల డబ్బాలు, పాత అట్టలు ఇంట్లో ఉంటే పిల్లల చేత పంపించండి. కత్తెర పని నేను చూసుకుంటాను.