రొయ్య ముక్క కరిగితేనే రిపోర్టుకు విలువ

ఇందుకూరుపేట, విడవలూరు, కొత్తపట్నం గుంటల నుంచి రొయ్య ముక్కలు ఆల్కహాల్‌లో పడి ల్యాబుకు వస్తాయి. ఇంకో వారం ఆగాలా, వెంటనే పట్టుబడి చేయాలా అన్నది రైతు తేల్చుకునేది ఆ పీసీఆర్ (రోగకారకం డీఎన్ఏను అనేక రెట్లు పెంచి పట్టుకునే పరీక్ష) రిపోర్టు చూసే. అందుకే మెషీన్ కన్నా ముందు, ముక్కలోని ప్రోటీన్లను కొరికి కరిగించే ఎంజైమ్ ప్రోటీనేజ్ కె గురించి పట్టించుకోవాలి.

వైట్‌స్పాట్ (తెల్లమచ్చల వైరస్ జబ్బు) పరీక్షకు ఈతకాళ్లు, మొప్పలు తీసుకోండి. కన్ను వద్దు, అందులో పీసీఆర్‌ను అడ్డుకునే పదార్థాలుంటాయి. 25 మిల్లీగ్రాముల ముక్కను టిష్యూ పేపర్ మీద అద్ది ఆల్కహాల్ పూర్తిగా పోగొట్టాలి. అది మిగిలితే ఎంజైమ్ మందగిస్తుంది. కత్తెరతో సన్నగా తరిగి 500 మైక్రోలీటర్ల బఫర్‌లో (పీహెచ్ మారకుండా నిలిపే ద్రావణం) వేయాలి. బఫర్‌లో 10 మిల్లీమోలార్ ట్రిస్ (పీహెచ్ 8), 100 మిల్లీమోలార్ ఉప్పు, డీఎన్ఏను కోసే ఎంజైములను ఆపే ఈడీటీఏ 25 మిల్లీమోలార్, సబ్బులాంటి డిటర్జెంట్ ఎస్‌డీఎస్ 0.5 శాతం ఉండాలి. పైన మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల ప్రోటీనేజ్ కె స్టాక్ (చిక్కటి ద్రావణం) నుంచి 5 మైక్రోలీటర్లు. అంటే ట్యూబులో మిల్లీలీటరుకు 200 మైక్రోగ్రాములు. 55 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు, మధ్యమధ్య కలుపుతూ ఉంచాలి. ఎస్‌డీఎస్ ప్రోటీన్ల మడత విప్పుతుంది, ఎంజైమ్ కొరుకుతుంది. ఎస్‌డీఎస్‌లో కూడా చురుగ్గా ఉండడమే దీని గొప్ప. ఎంజైమ్‌ను ముందే బఫర్‌లో కలిపి దాచకండి, తనను తానే తినేసుకుంటుంది.

ఏసీ గదిలో బఫర్ తెల్లగా గడ్డకడితే పాడైందనుకోవద్దు. చల్లదనానికి ఎస్‌డీఎస్ పేరుకుంది, 37 డిగ్రీల్లో పెడితే తేటపడుతుంది. పొటాషియం లవణం తగిలినా ఇలాగే తెల్లగా విడిపోతుంది, అది మాత్రం వేడికి సరిగా కరగదు. ట్యూబును ఐసు మీద పెట్టకండి.

ఇంకో మాట. ఈతకాలు కరిగాక సెల్లోఫేన్ కాగితంలా పలుచటి పెంకు అడుగున మిగులుతుంది. కరగలేదని మళ్లీ మళ్లీ ఎంజైమ్ పోస్తుంటారు. అది కైటిన్ (పెంకుకు గట్టిదనమిచ్చే చక్కెర గొలుసు), ప్రోటీన్ కాదు. ఎంత పోసినా పోదు. ద్రవం పిపెట్‌కు జిగటగా సాగితే చాలు, సెంట్రిఫ్యూజ్ తిప్పి పెంకును వదిలేయండి.

ఈహెచ్‌పీ (రొయ్య లివర్‌లో పెరిగే సూక్ష్మ పరాన్నజీవి) పరీక్షకు మాత్రం లివరే (హెపటోపాంక్రియాస్) కావాలి. అసలు కష్టమంతా అక్కడే. రొయ్య సొంత జీర్ణ ఎంజైములు అందులో నిండా ఉంటాయి. ముక్క బయట కూర్చున్న ప్రతి నిమిషమూ డీఎన్ఏ తరుగుతుంది. కోసిన వెంటనే బఫర్‌లో పడాలి. ఈహెచ్‌పీ స్పోరు గోడలోనూ కైటిన్ ఉంది కాబట్టి పూసలతో దంచాక ఎంజైమ్ వేస్తే దిగుబడి బాగుంటుంది. ఆర్ఎన్ఏ వైరస్‌లకైతే జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఎస్‌డీఎస్ లేకుండా ఒట్టి ప్రోటీనేజ్ కె వేస్తే, అది ఆర్ఎన్ఏస్‌లను (ఆర్ఎన్ఏను కోసే ఎంజైములు) తినేలోపు అవి ఆర్ఎన్ఏను తినేస్తాయి.

కరిగాక 95 డిగ్రీల్లో పది నిమిషాలు ఉంచి ఎంజైమ్‌ను చంపాలి, లేకపోతే పీసీఆర్‌లో డీఎన్ఏ నకళ్లు తీసే ఎంజైమ్ టాక్ పాలిమరేజ్‌ను మింగేస్తుంది. అయినా ఎస్‌డీఎస్ వేడికి పోదు, కొంచెం మిగిలినా పీసీఆర్ ఆగిపోతుంది. కాబట్టి డీఎన్ఏను పట్టి ఉంచే కాలమ్‌తోనో, ఫినాల్–క్లోరోఫామ్‌తోనో తప్పక శుద్ధి చేయాలి.

ప్రతి శాంపిల్‌తో పాటు, జబ్బు ఉన్నా లేకున్నా రొయ్యలో ఉండే దాని సొంత 18ఎస్ జన్యువుకు కూడా పీసీఆర్ నడపండి. ఆ బ్యాండ్ (జెల్ మీద కనిపించే డీఎన్ఏ గీత) రాకపోతే డీఎన్ఏ సరిగా రాలేదనో, పీసీఆర్ ఆగిపోయిందనో అర్థం, కాబట్టి రిపోర్టులో "నెగిటివ్" అని రాయకూడదు, "మళ్లీ శాంపిల్ పంపండి" అని రాయాలి.