గుండె మార్పిడి: నా మొదటి ఏడాది

గుండె మార్పిడికి పేరు రాయించుకున్నవాళ్లు నాకు ఫోన్ చేస్తే ముందు అడిగేది ఒకటే: "ఆపరేషన్ తర్వాత ఎన్నేళ్లు అండీ?" నేనూ డాక్టర్ గారిని అదే అడిగాను. ఆయన తప్పించుకోకుండా లెక్క చెప్పారు. ప్రపంచం మొత్తం మీద చూస్తే నూటికి 85 నుంచి 90 మంది మొదటి ఏడాది దాటుతున్నారు. మార్పిడి చేయించుకున్నవాళ్లలో సగం మంది పన్నెండేళ్లకు పైగా బతుకుతున్నారు. మొదటి ఏడాది గట్టెక్కినవాళ్లను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే ఇంకో రెండేళ్లు కలుస్తాయి. "గండం ఎక్కువగా మొదటి ఏడాదిలోనే. ఆ ఏడాది మీ చేతుల్లో కూడా ఉంటుంది" అన్నారు. ఆ రెండో మాట పట్టుకునే ఒప్పుకున్నాను.

నాది డైలేటెడ్ కార్డియోమయోపతి. గుండె సాగిపోయి, పంపింగ్ 15 శాతానికి పడిపోయింది. కాళ్ల వాపులు, రాత్రిళ్లు దిండ్లకు ఆనుకుని కూర్చునే నిద్ర.

పేరు రాసే ముందు చేసే పరీక్షల్లో ముఖ్యమైనది మెడలోని రక్తనాళం గుండా గొట్టం పంపి ఊపిరితిత్తుల వైపు ప్రెషర్ కొలవడం. అది బాగా పెరిగిపోయి ఉంటే కొత్త గుండె ఆ భారాన్ని మోయలేదు, మార్పిడికే పనికిరామంటారు. పళ్ల డాక్టరు దగ్గరికీ పంపారు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు మొదలయ్యాక చిగుళ్లలో కాస్త చీమున్నా ప్రమాదమే. మానసిక నిపుణురాలైతే నాకంటే మా ఆవిడతోనే ఎక్కువసేపు మాట్లాడారు. మందులు ఎవరు చూసుకుంటారు, ఆసుపత్రికి దగ్గర్లో ఉండగలరా అని. సూర్యాపేటలో ఇల్లు వదిలి హైదరాబాద్‌లో గది తీసుకున్నాం. దాత గుండెను బయటికి తీశాక సుమారు నాలుగు గంటల్లో అమర్చాలి. పిలుపు వచ్చాక బయల్దేరదాంలే అంటే కుదరదు.

తర్వాత ప్రభుత్వ అవయవదాన కార్యక్రమం జీవన్‌దాన్ జాబితాలో ఎదురుచూపు. మన దేశంలో చేసేవాళ్లు లేక ఆగిన పని కాదిది. 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలోనే తొలి విజయవంతమైన గుండె మార్పిడి చేసిన డాక్టర్ వేణుగోపాల్ మన రాజమండ్రి మనిషే. 2023 జనవరిలో తిరుపతిలో టీటీడీ పిల్లల గుండె ఆసుపత్రి విశాఖ నుంచి తెచ్చిన గుండెను పదిహేనేళ్ల పిల్లవాడికి అమర్చింది. అయినా ఇప్పటికీ దేశం మొత్తం మీద ఏటా జరిగేవి 250 అటూఇటూ. అమెరికాలో 2023లో 4,500 దాటాయి. తేడా అంతా దాతల దగ్గరే ఉంది. దేశంలో పది లక్షల జనాభాకు ఏడాదికి ఒక్క దాత కూడా లేరు. తెలంగాణలో 2024లో అది దాదాపు అయిదు. నేనీ రోజు రాయగలుగుతున్నానంటే, ఐసీయూ బయట కూర్చుని బిడ్డ కోసం ఏడుస్తూనే సంతకం పెట్టిన ఏదో కుటుంబం వల్ల. వాళ్లెవరో నాకు చెప్పరు. మా ఇంట్లో వాళ్ల పేరు మీద రోజూ దీపం పెడతాం.

మొదటి పిలుపు వచ్చినప్పుడు చేర్చుకుని, అన్నీ సిద్ధం చేశాక, దాత గుండె ఎకో స్కాన్‌లో బలహీనంగా కనిపించిందని పంపేశారు. ఇలా జరుగుతుందని ముందే చెప్పి ఉంచారు కాబట్టి తట్టుకున్నాం. మీకూ జరగొచ్చు, మనసు సిద్ధం చేసుకోండి. రెండోసారి పిలిచినప్పుడు కుదిరింది. ఆపరేషన్ గురించి నాకు చెప్పడానికేం లేదు, నిద్రలో ఉన్నాను.

అసలు పని ఆ తర్వాతే. రోగనిరోధక శక్తిని తగ్గించే టాక్రోలిమస్ మాత్ర పొద్దున, రాత్రి ఒకే టైముకు పడాలి. రక్తంలో దాని మోతాదు చూసే రోజు శాంపిల్ ఇచ్చాకే పొద్దుటి మాత్ర. మోతాదు తగ్గితే ఒళ్లు కొత్త గుండెను పరాయిదిగా చూసి దాడి చేస్తుంది, పెరిగితే కిడ్నీలు దెబ్బతింటాయి. పంపర పనస ముట్టుకోకూడదు, అది ఈ మందు మోతాదును పెంచేస్తుంది. పచ్చి కూరగాయల ముక్కలు, బయటి పానీపూరి, జనం కిక్కిరిసే పెళ్లిళ్లు ఆ ఏడాది మానేశాను. చిన్న జ్వరం వచ్చినా సొంతంగా మాత్ర వేసుకోకుండా కోఆర్డినేటర్ మేడమ్‌కే ఫోన్. మొదట్లో తరచూ బయాప్సీ చేశారు: మెడలోని రక్తనాళం గుండా వెళ్లి గుండె లోపలి గోడ నుంచి చిన్న ముక్క తీస్తారు. భయపడినంత నొప్పి లేదు. రిజల్ట్ కోసం ఎదురుచూడటమే కష్టం.

కొత్త గుండెకు మెదడు నుంచి వచ్చే నరాల సంబంధం తెగిపోతుంది. అందుకే ఊరికే కూర్చున్నా నిమిషానికి తొంభై దాటి కొట్టుకుంటుంది, మెట్లెక్కితే వేగం అందుకోవడానికి కాస్త సమయం పడుతుంది. రక్తనాళాలు పూడుకుపోతున్నా ఛాతీలో నొప్పి తెలియకపోవచ్చు. నాకు ఆయాసం లేదు, బాగానే ఉన్నాను కదా అని ఏటా చేసే ఆంజియోగ్రామ్ మానేయకూడదు.

ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. అమెరికాలో ఏ ఆసుపత్రిలో మార్పిడి చేయించుకున్నవాళ్లలో ఎంతమంది ఏడాది దాటారో ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. ఇక్కడ నేను వెతికినప్పుడు ఆసుపత్రుల వారీగా అలాంటి లెక్క దొరకలేదు. దొరకాలి, ఇది రోగుల హక్కు. అప్పటిదాకా పేరు రాయించుకునే ముందు నేరుగా అడగండి: మీ దగ్గర ఇప్పటిదాకా ఎన్ని చేశారు, వాళ్లలో ఏడాది దాటినవాళ్లు ఎందరు, వాళ్లలో ఒకరిద్దరితో మాట్లాడించగలరా అని. నేను అడిగితే ఎవరూ కోప్పడలేదు. మా డాక్టర్ గారు రిజిస్టర్ తెప్పించి మరీ చూపించారు.