కొత్త స్టిక్ వర్మ్‌ను పరీక్షించి మార్కులు వేసిన విధానం: నా అనుభవం

డల్లాస్ చుట్టుపక్కల ఉంటూ వారాంతాల్లో బాస్ చేపల కోసం చెరువులు పట్టుకు తిరిగే మనవాళ్లు ఇప్పుడు బాగానే ఉన్నారు. ఎవరైనా కొత్త ఎర కొన్నారంటే అందరూ అడిగేది ఒకటే: ‘ఎన్ని పడ్డాయి?’ ఎర మంచిచెడ్డలు తేల్చడానికి ఇది చాలా బలహీనమైన కొలత. చేప పడటంలో నీటి వేడి, గాలి, మబ్బు, ఆ పూట చేపలు ఏ లోతులో నిలిచాయన్నది, ఇవన్నీ కలిసి ఉంటాయి. ఒక ఎరకు ఆరు, ఇంకోదానికి నాలుగు పడితే మొదటిది మేలని చెప్పడానికి లేదు. అందుకే ఈమధ్య చేతికొచ్చిన ఒక కొత్త 5 అంగుళాల స్టిక్ వర్మ్‌కు (పుల్లలా ఉండే మెత్తటి ప్లాస్టిక్ ఎర) 10 మార్కులను ఇలా విడగొట్టాను: నీళ్లలో దిగే తీరుకు 4, ప్యాకెట్‌లో ముక్కలన్నీ ఒకేలా ఉన్నందుకు 2, గాలానికి నిలిచి చిరగకుండా ఓర్చుకున్నందుకు 2, చేపలు అందుకున్నందుకు 2.

దిగే తీరుకు అంత పెద్ద వాటా ఎందుకంటే, స్టిక్ వర్మ్‌కు అదొక్కటే పని. దీనికి ఊగే తోక లేదు, కాళ్లు లేవు, మీసాలు లేవు. చూడటానికి పెన్నులాంటి ముక్క, అంతే. 1990లలో గ్యారీ యమమోటో ‘సెంకో’ అనే స్టిక్ వర్మ్‌ను తెచ్చినప్పటి నుంచి ఈ ఆకారానికి అంత పేరు రావడానికి కారణం ఒకటే: బరువేమీ కట్టకుండా వదిలితే అడ్డంగా పడుకుని, రెండు కొసలూ సన్నగా వణుకుతూ కిందికి దిగుతుంది. లార్జ్‌మౌత్ బాస్ ఎక్కువగా ఆ దిగుతున్నప్పుడే నోట్లోకి లాక్కుంటుంది. మన దగ్గర కొరమీనుకు మెత్తటి కప్ప ఎర వాడేవాళ్లకు ఇది కొత్తగా ఉంటుంది. అక్కడ ఎర నీటి పైన కదలాలి, ఇక్కడ ఊరికే మునగాలి.

పోలిక లేకుండా పరీక్ష లేదు. కాబట్టి పక్కన 5 అంగుళాల సెంకోను కొలమానంగా పెట్టుకున్నాను. రెండూ గ్రీన్ పంప్‌కిన్ రంగే తీసుకున్నాను, నల్ల మెరుపులు ఉన్నవి. రంగు వేరైతే తేడా దేని వల్ల వచ్చిందో చెప్పలేం.

ముందు ఇంట్లో, నీళ్లు లేకుండా. 0.01 గ్రాము చూపే చిన్న త్రాసు చాలు. ప్యాకెట్‌లోని పది ముక్కల్నీ ఒక్కొక్కటిగా తూచి కాగితం మీద రాసుకోవాలి. కొత్త వర్మ్ ముక్కలు 8.6 గ్రాముల నుంచి 10.1 గ్రాముల దాకా వచ్చాయి. పొడవు అన్నిటికీ ఒకటే, మందం ఒకటే, బరువులో మాత్రం గ్రామున్నర తేడా. అచ్చు ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎక్కువగా ఉప్పు నుంచే వస్తుంది. ఈ ఎరల్ని ప్లాస్టిసాల్ అనే ద్రవాన్ని సుమారు 350 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా వేడిచేసి, అందులో సన్నటి ఉప్పు, రంగు, మెరుపు పొడి కలిపి అచ్చుల్లో పోస్తారు. ఉప్పు సాంద్రత నీటికి రెండింతల పైమాటే. ప్లాస్టిసాల్ దాదాపు నీటంత బరువే ఉంటుంది. కాబట్టి పోసేటప్పుడు ఆపకుండా కలుపుతూ ఉండకపోతే ఉప్పు గిన్నె అడుక్కి చేరుతుంది. అప్పుడు ఒక వరస అచ్చులకు తక్కువ ఉప్పు, ఇంకో వరసకు ఎక్కువ ఉప్పు పడుతుంది. ప్యాకెట్ మీద ఉప్పు రుచికని, దాంతో చేప ఎక్కువసేపు వదలదని రాస్తారు. నా దృష్టిలో ఉప్పు అసలు పని బరువు. ఉప్పు లేని స్టిక్ వర్మ్ బరువు కట్టకపోతే సరిగ్గా మునగదు.

ఎక్కువ తూగినదాన్ని, తక్కువ తూగినదాన్ని పక్కన పెట్టి బ్లేడుతో నిలువునా కోసి చూశాను. ఈ పని ప్రతి కొత్త ప్యాకెట్‌కూ చేయాలని గట్టిగా చెబుతాను, ఒక ముక్క పోయినా నష్టం లేదు. బరువైనదాని లోపల ఉప్పు రవ్వలు తల నుంచి తోక దాకా ఒకే దట్టంగా, బియ్యపు రవ్వ చల్లినట్టు తెల్లగా ఉన్నాయి. తేలికైనదాంట్లో తోక దగ్గర ఆవగింజంత బుడగలు రెండు, వాటి పక్కనే ఉప్పు లేని పారదర్శకమైన జాగా. ఉప్పులోనో రంగులోనో తేమ మిగిలి ఉంటే వేడి ప్లాస్టిసాల్ తగలగానే ఆవిరై ఇలా బుడగ కడుతుంది. తోకలో గాలి ఉంటే తోక పైకి లేచి, తల కిందికి వాలి దిగుతుంది. బయటి నుంచి చూస్తే ఇది తెలియదు. ఒకేలా ఉన్నందుకు ఇచ్చే 2లో 1 అక్కడే కోసేశాను.

తర్వాత నీళ్ల పరీక్ష. బకెట్ లోతు చాలదు, కనీసం 4 అడుగులు కావాలి. అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్ దీనికి బాగా పనికొస్తుంది. లోతు గట్టు మీద రాసే ఉంటుంది. రెండు వర్మ్‌లకూ ఒకే ప్యాకెట్‌లోని 4/0 సైజు వెడల్పు వంపు గాలాలు పెట్టాలి, ఎందుకంటే గాలం బరువు కూడా దిగే తీరును మారుస్తుంది. వర్మ్‌ను ముందు నీళ్లలో ముంచి వేళ్లతో ఒకసారి నిమరాలి. కొత్త ముక్క మీద నూనె ఉంటుంది, దానికి గాలి బుడగలు అంటుకుని లెక్క తప్పిస్తాయి. ఫోన్ స్లో మోషన్‌లో పెట్టి, లైన్ వదులుగా ఉంచి వదలాలి. లైన్ బిగువుగా ఉంటే ఎంత మంచి వర్మ్ అయినా వణకదు, ఒక విల్లులా తిరిగి మీ వైపే వస్తుంది. ‘ఈ వర్మ్ పనిచేయడం లేదు’ అనేవాళ్లలో చాలామంది లైన్ బిగించి పట్టుకున్నవాళ్లే.

వెచ్చటి నీళ్లలో, అంటే 75 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర, కొత్త వర్మ్‌లోని బరువైన ముక్కలు సెంకో దిగినట్టే దిగాయి. వణుకు కాస్త వేగంగా, కాస్త చిన్నగా ఉంది, అయినా కొస నుంచి కొస దాకా ఉంది. తేలికైన ముక్కలు అదే లోతుకు ఒక సెకను ఎక్కువ తీసుకున్నాయి, పైగా తల వాల్చాయి. అసలు తేడా చల్లటి నీళ్లలో బయటపడింది. పొడుగాటి పారదర్శక డబ్బాలో ఐసు వేసి నీటిని 50 డిగ్రీలకు తెచ్చి, వర్మ్‌లను పది నిమిషాలు అందులోనే ఉంచి వదిలాను. డబ్బా లోతు పూల్‌ కన్నా తక్కువే కాబట్టి ఇక్కడ సెకన్లు లెక్కపెట్టలేదు, వణుకు ఉందా లేదా అన్నది మాత్రమే చూశాను. సెంకో వణుకు తగ్గినా పూర్తిగా పోలేదు. కొత్తది పుల్లలా బిగుసుకుని తిన్నగా దిగిపోయింది. ప్లాస్టిసాల్‌ను మెత్తగా ఉంచేది అందులోని ప్లాస్టిసైజర్. చలికి ఏ ప్లాస్టిసాల్ అయినా కొంత గట్టిపడుతుంది. కానీ మొదటి నుంచే గట్టిగా పోసినది ఇంకా ముందే బిగుస్తుంది. నడుమ వేలితో ఎత్తి పట్టుకుంటే కొసలు ఎంత వాలుతున్నాయో చూస్తే ఈ సంగతి షాపులోనే సగం తెలిసిపోతుంది. దిగే తీరుకు 4లో 3 ఇచ్చాను. ఆ ఒక్కటి తగ్గించింది చలికాలం కోసమే.

ఇక గాలానికి నిలవడం. ఇక్కడ కొత్త వర్మ్ నన్ను మెప్పించింది. టెక్సస్ రిగ్ అనే గుచ్చే పద్ధతి కోసం గాలం మొనను తల మధ్యలో పావు అంగుళం దింపి, పక్క నుంచి తీసి, గాలం కంటి (లైన్ కట్టే రంధ్రం) దాకా లాగి, గాలాన్ని తిప్పి, మొనను ఒంట్లోంచి అవతలికి తీసి పై పొర కింద కొద్దిగా దాచాలి. వర్మ్ తిన్నగా వేలాడాలి. ఏమాత్రం వంగి గుచ్చినా లైన్ చుట్టేటప్పుడు గిరగిరా తిరిగి లైన్ మెలికలు పడుతుంది. ఇలా గుచ్చి గట్టిగా విసురుతూ పోతే సెంకో తల త్వరగానే చీలి కిందికి జారుతుంది. కొత్తది జారలేదు. టెక్సస్ రిగ్‌లో ఒక్కో ముక్క మూడు నాలుగు చేపలకు ఓర్చింది. సెంకోకు ఒకటి, మహా అయితే రెండు. ఇందులో వింతేమీ లేదు. ఉప్పు రవ్వలు ఎంత దట్టంగా ఉంటే ప్లాస్టిక్ అంత త్వరగా చిరుగుతుంది. వణుకు కావాలంటే మెత్తదనం, ఉప్పు పెరగాలి. ఓర్పు కావాలంటే అవి తగ్గాలి. రెండూ పూర్తిగా ఇచ్చే ప్లాస్టిసాల్ వర్మ్ నేను చూడలేదు.

వాకీ రిగ్‌లో, అంటే నడుమ అడ్డంగా గుచ్చినప్పుడు, తేడా ఇంకా తెలుస్తుంది. ఉత్త గాలం గుచ్చితే సెంకో చేప తల విదిలించగానే ఎగిరిపోతుంది. నడుముకు కొంచెం బిగువైన రబ్బరు ఓ రింగ్ వేసి, 1/0 గాలాన్ని రింగ్ కిందుగా దూర్చితే రెండు వర్మ్‌లూ నిలుస్తాయి. రింగ్ మరీ బిగువైతే నడుము నొక్కుకుని ఒకవైపే మడుస్తుంది, వణుకు పోతుంది. ఈ విభాగంలో 2కి 2.

చేపల పరీక్షకు లేక్ ఫోర్క్ అనే జలాశయాన్ని ఎంచుకున్నాను. 27 వేల ఎకరాల పైచిలుకు నీళ్లు, మునిగిన చెట్ల మోడులు, హైడ్రిల్లా గడ్డి, వీటన్నిటి వల్ల మెత్తటి ఎరకు అంతకంటే మంచి చోటు ఆ దగ్గర్లో లేదు. టెక్సస్ రాష్ట్ర రికార్డు అయిన 18.18 పౌండ్ల బాస్ 1992లో అక్కడే పడింది. వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: అక్కడ 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ను ఉంచుకోకూడదు, వెంటనే వదిలేయాలి. కాబట్టి కొలత పలక చేతికి అందేలా ఉండాలి, దాన్ని ముందే తడిపి ఉంచాలి. పొడి పలక మీద పెడితే చేప ఒంటి జిగురు ఊడుతుంది.

రెండు రాడ్లు ఒకే రకం: 7 అడుగుల మీడియం హెవీ (కాస్త గట్టిది), ఫాస్ట్ యాక్షన్ (కొస దగ్గరే వంగేది), 15 పౌండ్లు ఓర్చే ఫ్లోరోకార్బన్ లైన్, పాలోమార్ ముడి. ఒక వర్మ్‌తో పది విసుర్లు, వెంటనే అదే మోడు దగ్గర, అదే గడ్డి అంచున రెండోదానితో పది. తర్వాతి చోట వరస తిరగేయాలి. మొదట పడిన ఎరకే ఎప్పుడూ అనుకూలం ఉంటుంది, ఆకలిగా ఉన్న చేప దాన్నే ముందు చూస్తుంది. ప్రతి పట్టుకూ నాలుగు సంగతులు రాసుకోవాలి: నీటి వేడి, లోతు, దిగుతుండగా పట్టిందా అడుగున పట్టిందా, గాలం దిగిందా లేదా. టకటకమని పొడిచేవి బ్లూగిల్స్ అనే చిన్న చేపలు, వాటిని లెక్కలో కలపకూడదు. బాస్ పట్టు చాలాసార్లు చేతికి తెలియనే తెలియదు. వదులుగా ఉన్న లైన్ చిన్నగా ఎగురుతుంది, లేదా పక్కకు నడుస్తుంది, లేదా అనుకున్నదానికంటే ముందే ఆగిపోతుంది. అందుకే కన్ను లైన్ నీటిని తాకే చోటే ఉండాలి.

వెచ్చటి నీళ్లలో రెండింటికీ పట్లు దాదాపు సమానంగానే వచ్చాయి. అయితే సెంకోను చేపలు ఎక్కువగా దిగుతుండగా అందుకుంటే, కొత్తదాన్ని అడుగుకు చేరాక ఒకసారి కదిపినప్పుడు అందుకున్నాయి. గాలం దిగకుండా పోయినవి కొత్తదానికి కొంచెం ఎక్కువ. గట్టి ప్లాస్టిక్‌లో మొన బయటికి రావడానికి ఎక్కువ బలం కావాలి. మొనను మరీ లోపలికి దాచకుండా పై పొర కింద మాత్రమే ఉంచితే అది చాలావరకు తగ్గింది. 2లో 1.5. దట్టమైన హైడ్రిల్లాలో 1/4 ఔన్సు టంగ్‌స్టన్ బరువు కట్టి దింపినప్పుడు మాత్రం కొత్తదే మేలనిపించింది. బరువు కట్టాక వణుకు ఎలాగూ ఉండదు, అక్కడ కావలసింది తల చీలకపోవడమే.

మొత్తం 7.5. నీరు 60 డిగ్రీలు దాటాక టెక్సస్ రిగ్‌కు దీన్నే కడతాను. చలినీళ్లలో, వాకీ రిగ్‌లో సెంకోనే. ధర చూసేటప్పుడు ప్యాకెట్ రేటు కాదు, ఒక్కో చేపకు ఎంత పడిందో లెక్కేయండి. 8 డాలర్ల ప్యాకెట్‌లో పది ముక్కలు ఉంటే, ముక్కకు ఒక్క చేపతో 80 సెంట్లు, మూడు చేపలు వస్తే 27 సెంట్లు.

దాచేటప్పుడు రంగులు కలపొద్దు, ఒకదాని రంగు ఇంకోదానికి పాకుతుంది. టీపీఈ అనే వేరే రకం సాగే ప్లాస్టిక్‌తో చేసే ఎలాజ్‌టెక్ ఎరల్ని వీటి పక్కన అసలు పెట్టొద్దు, రెండూ కరిగి ముద్దవుతాయి. ఎండలో కారులో వంగిపోయిన ముక్కల్ని వేడినీళ్లలో అర నిమిషం ముంచి, చదునైన పళ్లెంలో తిన్నగా పరిచి చల్లారనిస్తే మళ్లీ సాపవుతాయి. ఇవన్నీ ఒకే బ్యాచ్ ప్యాకెట్ల మీద వేసిన మార్కులు. వేరే బ్యాచ్ ప్యాకెట్ దొరికినప్పుడు పది ముక్కల్నీ మళ్లీ తూచాలి. తేడా అర గ్రాములోపుకు వస్తే, కోసినప్పుడు తోకలో బుడగ లేకపోతే, కోసిన ఆ 1 మార్కు తిరిగి కలిపి 8.5 వేస్తాను.