ఏడో వారం: ఖాళీ కేసు పట్టించిన తప్పు

నల్లగొండ నుంచి హైదరాబాద్ షూటింగ్ రేంజ్‌కు ఆదివారం పొద్దున్నే బస్సు. పాయింట్ టూ టూ (.22 అంగుళాల) రైఫిల్, 50 మీటర్లు, పడుకుని 40 రౌండ్లు. ఇలా ఏడు వారాలైంది.

నాలుగో వారం దాకా గుండ్లు ఎక్కువగా కిందికే పడేవి. సైట్ (గురి చూసే భాగం) తిప్పాను, బట్ (భుజానికి ఆనే వెనక భాగం) గట్టిగా అదిమాను, మారలేదు. రీకాయిల్ (పేలినప్పుడు తుపాకి వెనక్కి తన్నడం) వల్లేనని గట్టిగా నమ్మాను. నిజానికి రైఫిల్ దాదాపు 5 కిలోలు, గుండు 2.6 గ్రాములు. భుజం నొప్పి పుట్టేంతగా అది తన్నదు.

ఐదో వారం కోచ్ గారు నన్ను అటు తిరగమని తనే లోడ్ చేశారు. ఒకసారి అసలు తూటా, ఇంకోసారి కాల్చేసిన ఖాళీ కేసు (గుండు పోయాక మిగిలే తూటా తొడుగు), ఏది ఉందో నాకు తెలియదు. మూడోసారి ట్రిగ్గర్ నొక్కితే టిక్ మంది, పేలలేదు. కానీ గొట్టం కొన కిందికి దిగింది, కన్ను మూతపడింది. "చూసినవా తమ్మీ, తుపాకి కదలకముందే నువ్వు కదిలినవ్" అన్నారు. నేను భయపడేది దెబ్బకు కాదు, చప్పుడుకు అని అప్పుడు తెలిసింది.

అప్పటి నుంచి చెవిలో ప్లగ్గులు, వాటిపైన చెవులు మూసే మఫ్. తేడా ఆ రోజే కనిపించింది. మొదటి పావుగంట ఖాళీ కేసుతోనే ట్రిగ్గర్ నొక్కుతున్నాను. ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ఉత్తగా ఉంచి నొక్కితే కొన్ని పాయింట్ టూ టూ రైఫిళ్లలో ఛాంబర్ అంచు దెబ్బతింటుంది, అందుకే కేసు. బట్ భుజం ఎముక మీద కాకుండా, కాలర్ బోన్ కింద మెత్తని గుంతలో ఆనాలి. పేలాక కూడా ట్రిగ్గర్ వెనక్కే పట్టి, సైట్ ఎక్కడ ఆగిందో చూసి, గుండు ఎక్కడ పడిందో ముందే చెప్పాలి. కన్ను మూస్తే చెప్పలేం, అందుకే ఈ అలవాటు నాకు అన్నిటికన్నా పనికొచ్చింది.

ఇంటి దగ్గర స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌ది వేరే లెక్క. పిస్టన్ వల్ల అది ముందుకూ వెనక్కూ ఊగుతుంది. గట్టిగా పడితే పెల్లెట్లు చెదురుతాయి, ఎడమ అరచేతిలో వదులుగా ఉంచాలి. పెల్లెట్ లేకుండా దాన్ని కాల్చొద్దు, స్ప్రింగ్ పాడవుతుంది.

ఈ ఆదివారం అసలు తూటాలతో కలిపి పెట్టిన 40లో ఖాళీ కేసులు 10. గొట్టం దిగింది రెండుసార్లే, రెండూ 30 దాటాకే. వచ్చే వారం 30తో ఆపేస్తా.